డిక్కీ నింపుకొని రైలెక్కడం: లోర్టన్ - శాన్‌ఫర్డ్ ఆటో ట్రైన్ సంగతులు

వర్జీనియా, మేరీల్యాండ్, న్యూజెర్సీల్లో ఉన్న మనవాళ్లకి పిల్లల్ని ఓర్లాండో తీసుకెళ్లాలంటే ముందు తోచేవి రెండే: విమానం, లేకపోతే ఐ-95 హైవే మీద కారు. మూడో దారి ఒకటుంది, అమెరికాలో ప్యాసింజర్ రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ వాళ్ల ఆటో ట్రైన్. వాషింగ్టన్‌కి దక్షిణాన ఉన్న లోర్టన్‌లో సాయంత్రం ఐదింటికి బయల్దేరి, మర్నాడు ఉదయం పదింటి ప్రాంతంలో ఓర్లాండోకి పాతిక మైళ్ల దూరంలోని శాన్‌ఫర్డ్ చేరుతుంది. మీ కారు అదే రైలు వెనక భాగంలో, మూసిన వ్యాగన్లలో వస్తుంది. దూరం 855 మైళ్లు. మధ్యలో ఎక్కేవాళ్లూ లేరు, దిగేవాళ్లూ లేరు. రాత్రి సౌత్ కరోలినాలోని ఫ్లోరెన్స్‌లో ఇంధనం పట్టడానికి, సిబ్బంది మారడానికి ఆగుతుంది, అంతే.

దీన్ని 1971 డిసెంబరులో ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టింది. అది 1981లో దివాలా తీసి మూతపడితే, 1983 అక్టోబరులో ఆమ్‌ట్రాక్ మళ్లీ పట్టాలెక్కించింది. అప్పట్నుంచీ నడుస్తూనే ఉంది. కారు లేకుండా ఇందులో టికెట్ ఇవ్వరు. మన దేశంలో ఇలాంటిదే కొంకణ్ రైల్వే 2025 ఆగస్టులో మహారాష్ట్రలోని కోలాడ్ నుంచి గోవాలోని వెర్నాకి మొదలుపెట్టింది. తెలుగు రాష్ట్రాల నుంచి మాత్రం ఇప్పటికి అలాంటి సౌకర్యం లేదు, కాబట్టి ఇక్కడి సంగతి ఇక్కడే చూద్దాం.

ఎవరికి గిట్టుబాటు

చాలామంది రైలు టికెట్‌ని పెట్రోలు ఖర్చుతో పోల్చి, అమ్మో అని వదిలేస్తారు. ఆ లెక్కలో రైలు ఎప్పుడూ ఓడిపోతుంది. గాలన్‌కి 25 మైళ్లిచ్చే కారైతే ఒకవైపుకి 35 గాలన్ల లోపే పడుతుంది. దారిలో ఒక రాత్రి హోటల్, రెండు పూటల తిండి కలిపినా రైలు ఛార్జీ దానికంటే ఎక్కువే ఉంటుంది. పోల్చాల్సింది విమానం టికెట్లు, అక్కడ అద్దె వ్యాను, పిల్లల కార్ సీట్ల అద్దె, బ్యాగేజీ ఛార్జీలు అన్నీ కలిపిన మొత్తంతో. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు, స్ట్రోలర్, ఓర్లాండో పక్కనున్న కిసిమీలో వారానికి తీసుకున్న ఇంట్లో వండుకోవడానికి బియ్యం, కుక్కర్, పోపుల డబ్బా... ఇంత సామానుంటే రైలు నిలబడుతుంది. ఇద్దరే పెద్దవాళ్లు, మూడు రోజుల ట్రిప్ అయితే విమానమే నయం, రెండో ఆలోచన అక్కర్లేదు.

అంటే ఛార్జీ గిట్టుతుందో లేదో కారుని చూసి కాదు, డిక్కీలోకి ఏమేం వెళ్తున్నాయో చూసి తేల్చుకోవాలి.

ఛార్జీ మూడు ముక్కలుగా ఉంటుంది. మనిషికి ఇంత, కారుకి ఇంత, గది తీసుకుంటే గదికి ఇంత. గది ధర గది మొత్తానికి, ఎంతమంది పడుకున్నా అదే. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి సగం టికెట్. రెండేళ్లు నిండనివాళ్లు ఒడిలో అయితే ఉచితం, కానీ ఒక పెద్దకి ఒక్క పాపే. టికెట్లు పదకొండు నెలల ముందు నుంచి దొరుకుతాయి. సీట్లు నిండేకొద్దీ మూడు ముక్కల ధరా విడివిడిగా పెరుగుతుంది. కారు చోటు చవగ్గా ఉన్న రోజున గది మండిపోవచ్చు. అందుకే రెండు మూడు తేదీలు పెట్టి మొత్తం చూసుకోవాలి.

ఇంకో కిటుకుంది. ఈ రైలుకి అసలు గిరాకీ డిస్నీ కుటుంబాలది కాదు, చలికాలం ఫ్లోరిడాలో గడిపే రిటైరైనవాళ్లది. వాళ్లు చలి మొదలయ్యాక దక్షిణానికి దిగి, మార్చి నుంచి మే లోపు ఉత్తరానికి తిరిగొస్తారు. స్ప్రింగ్ బ్రేక్‌కి వెళ్లేటప్పుడు టికెట్ సులువుగా దొరికి, తిరుగు టికెట్ దగ్గర గుండె గుభేల్మనడానికి కారణం ఇదే. ఏప్రిల్ ప్రయాణమైతే ముందు తిరుగు రైలు చూసుకుని, ఆ తర్వాత వెళ్లే తేదీ ఖాయం చేసుకోండి. వేసవి సెలవుల్లో ఈ పోటీ ఉండదు.

గది ఎంచుకోవడం

ఇవి రెండంతస్తుల సూపర్‌లైనర్ డబ్బాలు. స్లీపర్ డబ్బాలో పైన ఐదు బెడ్‌రూములు, పది రూమెట్లు (రెండు బెర్తుల చిన్న గదులు). కింద నాలుగు రూమెట్లు, ఒక ఫ్యామిలీ బెడ్‌రూము, నడవలేనివాళ్ల కోసం ఒక గది, బాత్‌రూములు, అందరికీ కలిపి ఒక షవర్. టాయిలెట్లు ఎక్కువగా కిందే ఉంటాయి, పైన ఒక్కటే. బుకింగ్ పేజీలో బొమ్మలు చూస్తే అన్నీ విశాలంగానే అనిపిస్తాయి. కొలతలు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

రూమెట్ మూడున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. ఎదురెదురు కుర్చీలు రెండూ కలిస్తే కింది బెర్తు, దాని వెడల్పు రెండడుగుల మూడంగుళాలు. పై బెర్తు కచ్చితంగా రెండడుగులే, పైగా లేచి కూర్చోవడానికి ఎత్తు చాలదు. మన స్లీపర్ క్లాసు పై బెర్తు అలవాటున్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. పడిపోకుండా పట్టీల వల కట్టుకునే ఏర్పాటు ఉంది. దాన్ని తగిలించకుండా పిల్లల్ని పైన పడుకోబెట్టొద్దు. బెర్తులు వేశాక కింద నిలబడే చోటు జానెడు. సూట్‌కేసు లోపల పట్టదు, మెట్ల దగ్గర అరల్లో పెట్టాలి. రూమెట్‌లో టాయిలెట్ లేదు.

బెడ్‌రూము ఆరున్నర బై ఏడున్నర అడుగులు, లోపలే టాయిలెట్, షవర్. ఆ రెండూ ఒకే అరలో ఉంటాయి కాబట్టి ఒకరు స్నానం చేశాక అంతా తడే. కింది బెర్తు వెడల్పైనది, పైది ఒకరికి. ఇద్దరు పెద్దలు, ఒక చిన్న పాప అయితే సరిపోతుంది. పక్కపక్క బెడ్‌రూముల మధ్య తలుపు తీసి రెండూ కలిపి ఇచ్చే పద్ధతీ ఉంది, ఖరీదు కూడా అలాగే ఉంటుంది.

ఫ్యామిలీ బెడ్‌రూము కింద అంతస్తులో డబ్బా వెడల్పంతా ఆక్రమించి ఉంటుంది, రెండు వైపులా కిటికీలు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లల కోసం చేసింది. పిల్లల బెర్తులు నిజంగా పిల్లలవే, పన్నెండేళ్ల పొడుగు అబ్బాయి అందులో ముడుచుకుని పడుకోవాలి. టాయిలెట్ గదిలో లేదు కానీ తలుపు తీస్తే నాలుగడుగులే. డబ్బాకి ఒక్కటే కాబట్టి అన్నిటికంటే ముందు అయిపోయేది ఇదే. దొరక్కపోతే నడవాకి ఇటొకటీ అటొకటీ ఎదురెదురు రూమెట్లు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక పెద్ద, ఒక పిల్ల సర్దుకోవడం మంచి పని. చాలాసార్లు ధర కూడా బెడ్‌రూము కంటే తక్కువే.

పెద్దవాళ్లని తీసుకెళ్తే ఒక్క విషయం తప్పకుండా చూసుకోండి. అంతస్తుల మధ్య మెట్లు ఇరుకు, మధ్యలో వంపు తిరుగుతాయి, పైగా రైలు ఊగుతుంటుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకి పై రూమెట్ తీస్తే రాత్రంతా ఇబ్బందే. కింద తీసుకోండి. అయితే ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి పై అంతస్తులో నుంచే దారి. కింద ఉన్నవాళ్లు భోజనాల డబ్బాకి వెళ్లాలంటే మెట్లెక్కక తప్పదు. ఎక్కలేకపోతే ఆ డబ్బా అటెండెంట్‌కి ఎక్కిన వెంటనే చెప్పండి, భోజనం గదికే తెచ్చిస్తారు. టిప్ ఇవ్వడం ఇక్కడ మర్యాద. కింద ఊపు తక్కువ కాబట్టి కడుపులో తిప్పేవాళ్లకీ ఆ అంతస్తే మేలు.

కోచ్ సీట్లు విమానం కంటే చాలా నయం, కాళ్లు చాపుకోవచ్చు, వెనక్కి బాగా వాలుతాయి. అయినా పదిహేడు గంటలు. ఏసీ చల్లదనానికి ఒక దుప్పటి, మెడకి దిండు తప్పనిసరి. కుర్రాళ్లకి ఫర్వాలేదు. నడుం నొప్పి ఉన్నవాళ్లకి వద్దు.

కారు అప్పగించే రోజు

కార్లు తీసుకోవడం ఉదయం పదకొండున్నరకి మొదలై మధ్యాహ్నం మూడింటికి ఆగిపోతుంది. రైలు ఐదింటికి కదా, నాలుగింటికి వెళ్దామంటే కుదరదు. గేటు మూశాక టికెట్ ఉన్నా కారు తీసుకోరు. కార్లన్నీ ఎక్కించి, వ్యాగన్లు జతచేసి, బ్రేకులు పరీక్షించడానికి ఆ రెండు గంటలు కావాలి. అందరూ ఎక్కేసిన రోజు ఐదు కాకముందే బయల్దేరిపోవడమూ ఉంది. న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఉదయం ఏడుకే కదలాలి. బాల్టిమోర్, వాషింగ్టన్ చుట్టూ ఉన్న బెల్ట్‌వే రెండూ దాటాలి, శుక్రవారమైతే ఆ రెండింటి సంగతి చెప్పక్కర్లేదు. ఐ-95 మీద 163వ ఎగ్జిట్. జీపీఎస్‌లో ఉత్త లోర్టన్ స్టేషన్ అని కొడితే లోకల్ రైళ్లు ఆగే వేరే స్టేషన్‌కి తీసుకెళ్తుంది. ఆమ్‌ట్రాక్ ఆటో ట్రైన్ అని పూర్తిగా కొట్టండి. శాన్‌ఫర్డ్‌లోనూ ఇదే తిరకాసు, అక్కడి లోకల్ రైలు సన్‌రైల్ స్టేషన్ వేరు.

కారు ఎత్తు 85 అంగుళాలు దాటకూడదు. పైన పెట్టె బిగించి ఉంటే దానితో కలిపి టేపు పెట్టి కొలిచి, బుక్ చేసేటప్పుడే ఆ సంగతి చెప్పండి. వెనక తగిలించే సైకిల్ స్టాండు తీసి లోపల పెట్టాల్సి వస్తుంది, దానికి చోటు ఉంచుకోండి. నేలకి కారు అడుగు కనీసం నాలుగంగుళాలు పైన ఉండాలి. డిక్కీ మరీ నింపితే వెనక భాగం కుంగి, ర్యాంపు ఎక్కేటప్పుడు కింద రాసుకుంటుంది. కందిపప్పు, బియ్యం మూటల్లాంటి బరువులు వెనక సీటు కాళ్ల దగ్గరకి జరపండి. గ్యాస్ సిలిండర్, పెట్రోలు డబ్బా కారులో ఉండకూడదు. పెంపుడు కుక్కనీ పిల్లినీ ఈ రైల్లో తీసుకెళ్లనివ్వరు.

గేటు దగ్గర ఫోటో ఐడీ చూస్తారు, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ల పాస్‌పోర్టులు చేతిలో ఉంచుకోండి. తర్వాత తలుపు మీద అయస్కాంతంతో అంటుకునే నంబరు పలక పెడతారు. మర్నాడు పిలిచేది ఆ నంబరుతోనే, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ముందే ఉన్న గీతలు, సొట్టలు తెలియడానికి కారుని చుట్టూ వీడియో తీస్తారు. మీరూ నాలుగు వైపులా ఫోటోలు తీసుకుంటే మంచిది. కారుని వ్యాగన్ ఎక్కించేది సిబ్బందే. తాళం కారులోనే వదలాలి కాబట్టి ఇంటి తాళాల గుత్తి నుంచి దాన్ని ముందే విడదీసుకోండి. అలారం ఆపేయండి. డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో ఉంటే పొద్దుటికి బ్యాటరీ దిగిపోతుంది, తీగ పీకేయండి. టెస్లా అయితే సెంట్రీ మోడ్, పిన్ టు డ్రైవ్ రెండూ ఆపి, కీ కార్డు ఇవ్వాలి. మీ ఫోనే తాళం చెవి అయితే ఆ ఫోన్ మీతో పాటు వెళ్లిపోతుందని మర్చిపోవద్దు.

కారు అప్పగించాక పొద్దుటిదాకా దాని ముఖం చూడలేరు. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. చెక్డ్ బ్యాగేజీ అంటూ వేరే ఏదీ లేదు, డిక్కీయే బ్యాగేజీ. అందుకని రాత్రికి కావాల్సినవన్నీ ఒక్కొక్కరికి ఒక చిన్న సంచిలో సర్ది కారు ముందు సీట్లో పెట్టుకోండి: మందులు, డైపర్లు, ఒక జత బట్టలు, పళ్లపొడి, ఛార్జర్లు, చలికోటు, పిల్లలకి బొమ్మలు. రూమెట్‌లో ప్లగ్గు ఒక్కటే కాబట్టి చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికొస్తుంది. ఇన్సులిన్ ఉన్నవాళ్లకి చల్లసంచి తప్పనిసరి, గదుల్లో ఫ్రిజ్ ఉండదు, అటెండెంట్‌ని అడిగితే ఐసు ఇస్తారు. కారు సంగతి చూస్తే, ఎండాకాలం మూసిన వ్యాగన్లు ఉడికిపోతాయి. చాక్లెట్లు, స్ప్రే డబ్బాలు, మందులు అందులో ఉంచొద్దు. ఆవకాయ సీసా మూత చుట్టూ ప్లాస్టిక్ కాగితం బిగించి, నిటారుగా నిలబెట్టి, ఒక బకెట్లో పెట్టండి. వేడికి నూనె పొంగి సీటుకి అంటితే ఆ వాసన కారు అమ్మేదాకా పోదు.

తిండి

గది తీసుకున్నవాళ్లకి రాత్రి భోజనం, పొద్దున తేలికపాటి టిఫిన్ టికెట్‌లోనే ఉంటాయి. భోజనం విడతలుగా పెడతారు, ఏ విడతో కారు అప్పగించేటప్పుడే రాయించుకోవాలి. ముందు వచ్చినవాళ్లకి ఎంచుకునే వీలు. చిన్నపిల్లలుంటే మొదటి విడత అడగండి, ఆఖరి విడతలో కూర్చుంటే ప్లేటు వచ్చేసరికి పిల్లలు బల్ల మీదే నిద్రపోతారు. బల్లకి నలుగురు, తక్కువమంది ఉంటే కొత్తవాళ్లతో కలిపి కూర్చోబెడతారు. కోచ్‌లో ఉన్నవాళ్లు రాత్రి భోజనం కేఫ్‌లో కొనుక్కోవాలి.

శాకాహారం దొరుకుతుంది, కానీ మెనూలో ఒకటో రెండో. పాస్తా లాంటిది ఉంటుందని అనుకోండి, కారం ఉంటుందని అనుకోవద్దు. గుడ్డు కూడా తిననివాళ్లు టికెట్ తీశాక ఫోన్ చేసి అడగడం మంచిది. ఏమైనా ఇంటి నుంచి కొంత పట్టుకెళ్లాలి. గదిలో, కోచ్ సీట్లో తినడానికి అభ్యంతరం లేదు. అయితే మైక్రోవేవ్ మన చేతికి ఇవ్వరు, మనం తెచ్చినదాన్ని వేడి చేసి పెట్టరు. చల్లారినా బాగుండేవే తీసుకెళ్లాలి. చింతపండు పులిహోరని మించింది లేదు, పొద్దున కలిపితే మర్నాటి టిఫిన్‌కి కూడా ఆగుతుంది. నిమ్మకాయ పులిహోర అంతసేపు ఆగదు. చపాతీలో బెల్లం, నెయ్యి రాసి చుట్టిస్తే పిల్లలు గొడవ చేయకుండా తింటారు. పెరుగన్నమైతే అన్నంలో పాలు ఎక్కువ, తోడు పెరుగు చెంచాడు వేసి కలిపితే రాత్రికి సరిగ్గా తోడుకుంటుంది. పొద్దున్నే పెరుగుతో కలిపేస్తే రాత్రికి పుల్లగా అయిపోతుంది. ఉల్లికారం, ఎండుచేపలు ఇంకో ప్రయాణానికి దాచుకోండి, మూసిన డబ్బాలో గాలి అందరిదీ.

రాత్రి, పొద్దున

కార్ల వ్యాగన్లు ఉన్నందున ఈ రైలు గంటకి 70 మైళ్లు దాటదు. కూతలు మాత్రం రాత్రంతా వినిపిస్తాయి, ప్రతి గేటు దగ్గరా కూత పెట్టాలన్నది రూలు. చెవుల్లో దూది అయినా ఉంచుకోండి. వైఫైని నమ్ముకోవద్దు, పిల్లల సినిమాలు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేయాలి. షవర్‌కి రాత్రి భోజనాల వేళ వెళ్తే ఖాళీ, పొద్దున ఏడింటికి వెళ్తే క్యూ.

ఆలస్యాల విషయం దాచాల్సిన పని లేదు. దారిలో ఎక్కువ భాగం పట్టాలు సీఎస్ఎక్స్ అనే గూడ్సు కంపెనీవి, ఎవరిని ముందు వదలాలో చూసేదీ వాళ్ల డిస్పాచర్లే. ఎండలు మండితే పట్టాలు సాగుతాయని వేగం తగ్గిస్తారు. తుఫాను హెచ్చరిక ఉంటే రైలే రద్దు. 2023 జనవరిలో సౌత్ కరోలినాలో ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పినప్పుడు దీన్ని దారి మళ్లించారు. 17 గంటల ప్రయాణం 37 గంటలు పట్టింది. అది అరుదు, కానీ రెండు మూడు గంటల ఆలస్యం అరుదేం కాదు. పాలపొడి, డైపర్లు, బీపీ మాత్రలు ఒక రోజుకి అదనంగా ఉంచుకోండి.

దిగాక కారు వెంటనే వస్తుందనుకుంటే పొరపాటు. వ్యాగన్లని విడదీసి, ర్యాంపుల దగ్గరకి తోసి, ఒక్కొక్కటీ దింపడానికి రెండు గంటలదాకా పడుతుంది. ముందు అప్పగించిన కారు ముందు రాదు. కార్లని ఎత్తుని బట్టి, వ్యాగన్‌లో చోటుని బట్టి సర్దుతారు కాబట్టి నంబర్లు వరస లేకుండా వస్తాయి. పదకొండున్నరకే కారు ఇచ్చేసినా ఆఖర్న రావచ్చు. అదనంగా డబ్బు కట్టి ప్రయారిటీ ఆఫ్‌లోడ్ తీసుకుంటే మొదటి ముప్ఫై కార్లలో మీది ఉంటుంది. అవి త్వరగా అయిపోతాయి, బుకింగ్ రోజే కొనాలి. పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఆ డబ్బు దండగ కాదు. లేకపోతే అనవసరం, వచ్చిన రోజు పార్కు టికెట్ మాత్రం కొనొద్దు. అద్దె ఇంటి తాళాలు ఎలాగూ మధ్యాహ్నం మూడో నాలుగో అయ్యాకే ఇస్తారు. మధ్యలో ఉన్న ఆ మూడు గంటల్లో ఓర్లాండోలో ఇండియన్ కిరాణా కొట్టుకి వెళ్లి పాలు, పెరుగు, కొత్తిమీర తెచ్చుకుంటే సాయంత్రం వంట మొదలైపోతుంది.

కారు రాగానే చుట్టూ తిరిగి చూడండి. గీత కనిపిస్తే అక్కడే సిబ్బందికి చెప్పి కాగితం రాయించుకోవాలి, గేటు దాటాక చెబితే వినరు. కిసిమీ వైపు వెళ్లడానికి ఐ-4 కంటే 417 టోల్ రోడ్డు సుఖం. వర్జీనియా, న్యూజెర్సీల టోల్ ట్యాగు ఈజీపాస్ ఇక్కడ చెల్లుతుంది, అద్దానికి అంటించి ఉంచండి.

తిరుగు ప్రయాణానికి శాన్‌ఫర్డ్‌లో కూడా మూడింటికే గేటు మూస్తారు. అద్దె ఇల్లు పదింటికి ఖాళీ చేయమంటారు కాబట్టి కిసిమీ నుంచి నేరుగా బయల్దేరి పన్నెండున్నరకల్లా చేరితే భోజనం విడత కూడా మీకు నచ్చింది దొరుకుతుంది. కుక్కర్ కడిగి, ఆరబెట్టి సర్దండి. మూత పెట్టిన తడి కుక్కర్ ఒక రాత్రి ఆ వ్యాగన్లో ఉంటే లోర్టన్‌లో డిక్కీ తెరిచినప్పుడు ముందు పలకరించేది అదే.